దొర చచ్చాక పాట

మార్చి 12, 2000. ఆదివారం

తప్పు జరిగింది. చేసినవాడు జగన్మోహనరావు. తెలుగు సంఘం అధ్యక్షుడు, బ్యాంకులో పెద్ద ఉద్యోగి, సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ అంకుల్. ఇవాళ సాయంత్రం బూన్ లేలో మా బ్లాకు కింద మేం రిహార్సలు చేసుకుంటుంటే వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, హేమిష్ పాటను నా నాటకంలోంచి కోసేశాడు.

కారణం టైము లేదట. స్పాన్సరు ప్రసంగానికి టైముంది. చీరల ప్రదర్శనకుంది. గోగునార వడికి బతికిన మనుషుల గురించి నేను ఆర్నెల్లు కూర్చుని రాసిన నాటకంలో ఒక పాటకు మాత్రం లేదు.

"చూడమ్మా కాత్యాయనీ," అన్నాడు, "ఇది ఉగాది ఫంక్షను. మనవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చేదే నాలుగు తెలుగు ముక్కలు చెవిన పడతాయని. మధ్యలో ఒక తెల్లాయన ఇంగ్లీషులో ఏడుస్తుంటే ఏం బావుంటుంది చెప్పు."

"ఏడవడు అంకుల్. పాడతాడు."

"ఆ గొంతుకి రెండూ ఒకటేలే."

మా కుర్రాళ్ళు నవ్వారు. అందరూ ప్రోగ్రామర్లే, నా నాటకంలో మిల్లు కార్మికులు. వాళ్ళు నవ్వుతున్నారని హేమిష్ కూడా నవ్వాడు, తన మీదేనని తెలియక. ఆ నవ్వును నేను క్షమించను.

విషయం ఇంగ్లీషులో ఆయనకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. కాసేపు తన దొర వేషం టోపీ వైపు చూసుకున్నాడు.

"దొర చచ్చే సీను ఉందా?"

"ఉంది."

"అయితే సరేలే పిల్లా. చావడం నాకు బాగా అలవాటు."

సరే కాదు. వచ్చే నెల పదిహేడున ఆయన విమానం ఎక్కుతున్నాడు. మళ్ళీ రాడు. పోయేలోగా ఒక్కసారి, జనం ఎదురుగా నిలబడి, ఆ ఒక్క పాట పూర్తిగా పాడాలని ఉంది ఆయనకు. నన్ను అడిగింది అదొక్కటే. నేను మాటిచ్చాను.


మార్చి 13

ఆఫీసులో ఏమీ చేయలేదు. చేశానని రాసి ఇచ్చాను.


మార్చి 14

కోపం తగ్గడం లేదు. లత, నా రూమ్మేటు, "మొదటినుంచీ కాయితం మీద పెట్టు, నా బుర్ర తినకు" అంది. పెడుతున్నాను.

నిరుడు ఆగస్టు. తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసే పని. ప్రపంచం మునిగిపోతుందని ప్రచారం చేసి మమ్మల్ని ఓడల్లో సరుకులా దించుకున్న రోజులు. మధ్యాహ్నం చవక తిండికొట్ల హాకర్ సెంటరులో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఒక బల్ల మీద మాత్రం టిష్యూ ప్యాకెట్టు ఒకటుంది. ఇక్కడ అదొక ఆచారం. ప్యాకెట్టు పెట్టి పోతే ఆ చోటు వాళ్ళదే. చోప్ చేయడమంటారు. అప్పటికి నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది. జనం ప్లేట్లు పట్టుకుని నిలబడి తింటుంటే ఇరవై సెంట్ల కాయితానికి పట్టా ఏమిటి? తీసి పక్క బల్ల మీదికి విసిరి కూర్చున్నాను.

తెల్లాయన ఒకడు నూడిల్స్ గిన్నెతో వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పొడుగు, ముందుకు వంగిన భుజాలు, మెడ మీద అడ్డంగా పాత గాటు. గొంతు మాత్రం కంకర దొర్లినట్టుంది.

"అది నా ఎస్టేటు," అన్నాడు.

"దున్నేవాడిదే భూమి," అన్నాను ఇంగ్లీషులో.

ఒక క్షణం చూసి, గిన్నె బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. "అలాగైతే ఇద్దరం కలిసి దున్నుదాం."

ఇంతలో టీ అమ్మే చైనా ఆంటీ వచ్చి ఆయన్ని తిట్టింది. నిన్న టీవీలో ఆయన తోట కూలీల బియ్యం ఆపేశాడట. సిగ్గులేదా అంది. ఆయన తల వంచుకుని సారీ చెప్పాడు. ఆవిడ శాంతించి టీలో పాలు కొంచెం ఎక్కువ పోసింది. ఇక్కడి సీరియళ్ళలో తెల్లవాడు కావాలంటే ఆయనే. కల్నలు, పాదిరి, రబ్బరుతోట యజమాని, దొంగసరుకు తెచ్చే ఓడ కెప్టెను. ఎవరైనా చివరికి చావాలి. తుపాకీతో, కత్తితో, మలేరియాతో, ఒకసారి మొసలితో.

"అంతకుముందు పాడేవాణ్ణి," అన్నాడు, "టీ బావుంది" అన్నంత మామూలుగా.

ఏ ఊరు నీది అని అడిగాడు. ఇక్కడ ఎవరడిగినా హైదరాబాద్ అని చెప్పి ఊరుకుంటాను. ఆ రోజు ఎందుకో నిజం చెప్పాను. భీమిలి, విశాఖపట్నం పక్కన, సముద్రం ఒడ్డున.

ఆయన చెంచా కింద పెట్టాడు. "బీమ్లీ," అన్నాడు. మా నాన్నమ్మ రాములమ్మ అన్నట్టే అన్నాడు.


మార్చి 19. ఆదివారం

రిహార్సలయ్యింది. పాట లేని రిహార్సలు. దొర గదిలో ఒంటరిగా కూర్చునే సీను వచ్చేసరికి హేమిష్ పెదవి విప్పకుండా కూర్చుని లేచిపోయాడు. మా కుర్రాళ్ళలో ఒకడు "ఇప్పుడు ఫాస్టుగా వెళ్తోంది" అన్నాడు. వాణ్ణి ఒక చూపు చూశాను.

బీమ్లీ సంగతి పూర్తి చేయలేదు.

ఆయనది స్కాట్లండులో డండీ. గోనెసంచులు నేసే ఊరు. తల్లి మగ్గం మీద పనిచేసేది. బెంగాల్ జనపనార వస్తే మెత్తగా ఉంటుందట. మా వైపునుంచి ఓడలో గోగునార వచ్చిన వారం ఆడవాళ్ళంతా బీమ్లీ వచ్చింది, బీమ్లీ వచ్చింది అని తిట్టుకుంటూ చేతులకు కొవ్వు రాసుకునేవాళ్ళట. బిరుసు నార, వేళ్ళు కోసేది. "మా ఇంట్లో అది ఊరి పేరని ఎవరికీ తెలియదు. అదొక తిట్టు అనుకునేవాణ్ణి," అన్నాడు.

నాన్నమ్మ మా వైపు మిల్లులో ముప్పై ఏళ్ళు ఆ నారే వడికింది. మిషన్ల రొదకు అరిచి అరిచి, ఇంట్లోనూ అరిచే మాట్లాడేది. ఉప్పు అందుకోమన్నా వీధి చివరకు వినపడేది. ఆ అరుపు మానితేనే మాకు భయం. మిల్లులో ఆడవాళ్ళు చేతుల్తో మాట్లాడుకునేవాళ్ళని చెబితే, డండీలోనూ అంతే అన్నాడు హేమిష్. ఇద్దరం ఒకరికొకరం సైగలు చూపించుకున్నాం. ఒక్కటీ కలవలేదు. వాళ్ళ దాంట్లో సూపర్‌వైజరు వస్తున్నాడన్న సైగ మా దాంట్లో చెప్పకూడని మాట. చెప్పాను. టీ ఆంటీ వచ్చి చూసేంతగా నవ్వాడు.

ఆయన తల్లికి నలభయ్యేళ్ళకే చెముడొచ్చింది. కొడుకు క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టాక, ఏం పాడుతున్నాడో తెలుసుకోవాలని అతని గుండె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. సన్నగా పాడితే చేతికి తెలియదు. అందుకని గొంతు దించాడు. దించి దించి బ్లూస్ దగ్గర ఆగాడు. అమెరికా నల్లవాళ్ళ పాట స్కాట్లండు తెల్లవాడికెందుకని పత్రికలవాళ్ళు అడిగేవాళ్ళట. "మా అమ్మకు వినపడేది అదొక్కటే అని చెబితే ఎవరూ వేసుకోలేదు."

గ్లాస్గో, లండన్, ఒక రికార్డు, తర్వాత ఓడల్లో, హోటళ్ళలో పాటలు. హాంకాంగ్ మీదుగా సింగపూర్ వచ్చాడు. ఇక్కడ గొంతులో ఏదో పెరిగి ఆపరేషను చేశారు. గొంతు మిగిలింది, పాట పోయింది. తిరుగు టికెట్టు కొనుక్కోలేక తంజోంగ్ పగార్‌లో భోంచేస్తుంటే ఎవరో టీవీ ఆయన వచ్చి, "మీ మొహం ఓడిపోయిన కల్నల్‌లా ఉంది, నటిస్తారా" అన్నాడట. ఆ తర్వాత జనం ముందు పాడలేదు. తల్లి పోయినప్పుడు కూడా ఏదో షూటింగులో చస్తూ ఉన్నాడు.

నా నాటకం మొదటి రాతలో దొరకు ఆజ్ఞలు తప్ప మాటలు లేవు. ఈయన చదివి, "ఇతనికి తల్లి లేదా?" అన్నాడు. దొరకు తల్లి ఉంటే నాటకం బలహీనపడుతుందని వాదించాను. మూడు వారాలు వాదించాను. తర్వాత ఆయన టిష్యూ కాయితం మీద ఈ పాట రాసిచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందట తల్లి బతికుండగా కట్టుకున్నదట. నా తెలుగులో ఇలా వచ్చింది:

మగ్గం తిన్నది అమ్మ చెవులు, నా పాట వినదింక
మగ్గం తిన్నది అమ్మ చెవులు, నా పాట వినదింక
గుండె మీద చెయ్యేసి అంది, జలుబు చేసిందేరా నీకు

బ్లూస్ కట్టడమే అంత. మొదటి మాట రెండుసార్లు అడుగుతారు. మూడోది జవాబు.

దొర మీద జాలితో పెట్టలేదు. కార్మికురాలి పాట కాబట్టి పెట్టాను. అంతే.


మార్చి 22

కార్మికురాలి పాట కాబట్టే.


మార్చి 26. ఆదివారం

మారయ్య వచ్చాడు. షిప్‌యార్డులో వెల్డరు, పలాస వైపు మనిషి. ఆదివారాలు తన వాళ్ళను వెంటబెట్టుకుని మా రిహార్సలు చూడ్డానికి వస్తాడు. వాళ్ళు స్తంభాలకు ఆనుకుని కూర్చుంటారు. మా కుర్రాళ్ళు ఇస్త్రీ మడతల మీద మసి పూసుకుని మిల్లు కార్మికులైతే చూసి మర్యాదగా నవ్వు ఆపుకుంటారు. ఫిబ్రవరిలో హేమిష్ పాడినప్పుడు వాళ్ళున్నారు.

"ఆ పాటేదమ్మా?" అన్నాడు ఇవాళ.

"తీసేశారు."

"తీసీడమేటి? పాటకాడ్ని పెట్టుకుని పాట తీసీడమేటమ్మా. కోడిని వొండి ముక్కలు పారబోసినట్టుంది."

"సంఘంవాళ్ళు తీసేశారు."

"మరి సూసీవోలం అడిగితేనో?"

"అడిగితే ఏమవుతుంది?"

మారయ్య నా వంక జాలిగా చూశాడు. "నువ్వు నాటకాలు సూళ్ళేదేటి? మా ఊర్లో ఓసారి రాజు సచ్చిపోనాడు. యుద్ధంలోన. బాగా సచ్చినాడు. మా తాత ఎనకాల కూకుని వన్స్‌మోరన్నాడు. ఆ పక్కోడూ అన్నాడు. రాజు నెగిసినాడు, బట్టలు దులుపుకున్నాడు, హార్మనీ ఎత్తుకుంది, పద్యమంతా మల్లీ పాడినాడు. పాడి, మల్లీ సచ్చిపోనాడు. రెండోసారి ఇంకా బాగా సచ్చినాడు."

చూడకేం. పెదనాన్న పరంధామయ్య ప్రెస్సులో నాటకాల హ్యాండుబిల్లులు నేనే మడతపెట్టేదాన్ని. ట్రెడిల్ మిషనుకు ఈ పక్కన ఎర్ర కాయితం మీద యూనియను కరపత్రాలు, ఆ పక్కన పసుపు కాయితం మీద నాటకాలవి. బళ్ళో పుస్తకాలకన్నా ముందు నేను చదివినవి అవి. సాయంత్రం మిషను ఆగాక సిరా వాసనలో పెదనాన్న మరమరాలు పంచేవాడు, చేతి వేళ్ళ నలుపు మరమరాలకంటేది, అలాగే తినేవాళ్ళం. నేనేం రాసినా కింద నినాదం వస్తుందని లత వెక్కిరిస్తుంది. రాదా మరి.

మారయ్య చెప్పినదంతా హేమిష్‌కు ఇంగ్లీషులో చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"చచ్చినవాడు లేవాల్సిందేనా? తప్పదా?"

"జనం అడిగితే లేవాలి," అన్నాను. "లేవకపోతే పొగరంటారు."

"నేను పుట్టాల్సింది అక్కడ పిల్లా. ఇన్నాళ్ళూ చచ్చి, డైరెక్టరు కట్ చెప్పేదాకా అలాగే పడి ఉన్నాను."


ఏప్రిల్ 2

అధ్యక్షుల వారు ఫోను చేశారు. హాలు నిండటం లేదు. స్పాన్సరు ముందు ఖాళీ కుర్చీలుంటే సంఘం పరువు పోతుంది. నా షిప్‌యార్డు స్నేహితుల్ని పిలవాలట. టికెట్టు అక్కర్లేదట. వెనక వరసలట.

"వస్తారు. పాట పెట్టండి," అన్నాను.

"బేరాలాడుతున్నావా?"

"అవును."

ఈసారి నెమ్మదిగా అన్నాడు. "నేనొచ్చిన కొత్తలో ఇక్కడ బస్సులో తెలుగు మాట వినపడితే దిగాల్సిన స్టాపు దాటిపోయేవాణ్ణమ్మా, వాళ్ళెక్కడ దిగుతారో చూద్దామని. అట్లాంటి చోట ఈ సంఘం నిలబెట్టాం. ఇప్పుడు నువ్వొచ్చి, తెలుగు ఫంక్షనులో తెలుగు కానిదాని కోసం నాతో పోట్లాడుతున్నావు. నాకు అర్థం కాదు."

నాకు అర్థమైంది. అందుకని ఇంకా గట్టిగా అరిచి ఫోను పెట్టేశాను.

మారయ్యకు మాత్రం చెప్పాను. వస్తామన్నాడు.


ఏప్రిల్ 5. ఉగాది

ఇల్లు గుర్తురాలేదు.

సెలవు లేదు. పొద్దున లత పచ్చడి చేసింది. వేపపువ్వు దొరక్క కాకరకాయ తురిమి వేసింది. అదీ బానే ఉంది. చేదు చేదే కదా. మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఈ రోజుల్లో నేలంతా తెల్లగా ఉండేది, నాన్నమ్మ గుడ్డ పరిచి కొమ్మలు దులిపేది, నా జుట్టు నిండా పువ్వు, వద్దన్నకొద్దీ దులిపి గట్టిగా నవ్వేది, బీచి రోడ్డు దాకా వినపడేది. అది గుర్తుండటం వేరు, గుర్తురావడం వేరు.

సాయంత్రం సెరంగూన్ రోడ్డుకు బస్సులో వెళ్ళి గోంగూర తెచ్చాను. పుళిచ్చకీరై అని తమిళంలో అడిగితేగానీ కొట్టువాడు ఇవ్వడు. పచ్చడి చేసి సీసాలో పెట్టి హేమిష్‌కు ఇచ్చాను. "మీ అమ్మగారి వేళ్ళు కోసిన మొక్క ఆకు. మేం తింటాం," అన్నాను. వేలితో నాకి కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పటికి కక్ష తీరింది," అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు మిరపకాయలవి.


ఏప్రిల్ 10. సోమవారం

నిన్న జరిగింది. రాయాలి. ఆఫీసుకు వెళ్ళలేదు.

హాలు నిండింది. ముందు వరసలో స్పాన్సరు, ఆయన పక్కన జగన్మోహనరావు పట్టు పంచెలో. మధ్యలో కుటుంబాలు. వెనక మారయ్య వాళ్ళు, తలలు నున్నగా దువ్వుకుని, ఉతికిన చొక్కాల్లో, నలభై మందికి తక్కువ ఉండరు. చీరల ప్రదర్శన ఎక్కువసేపే సాగింది.

నాటకం మొదలైంది. మా కుర్రాళ్ళు ఫరవాలేదు. దొర ఒంటరిగా కూర్చునే సీనులో హేమిష్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఏమీ అనకుండా, తన అరచెయ్యి తన గుండె మీదే ఆనించుకున్నాడు. అది నేను రాయలేదు. పాట తెలియనివాళ్ళకు అది మామూలు కదలికే.

చివర్లో గిడ్డంగి తగలబడుతుంది. దొర బయటపడి, రెండడుగులు వేసి, కార్మికుల మధ్య పడి చస్తాడు. ఎంత నెమ్మదిగా చచ్చాడంటే ముందు వరసలో ఒక చంటిపిల్ల ఏడ్చింది. తెర దించాలి. తెర లాగే కుర్రాడు అటే చూస్తూ తాడు మరిచిపోయాడు.

నిశ్శబ్దంలో వెనకనుంచి వినపడింది.

"వన్స్‌మోర్."

మారయ్య గొంతు. ఆ వెంటనే ఇంకొకడు. తర్వాత వరస మొత్తం. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. దేనికి వన్స్‌మోరు? పాటే లేదు కదా. పాడని పాటను మళ్ళీ పాడమంటున్నారు. వేదిక పక్కన వింగులో నా దగ్గర యాంకరు సుచిత్ర నిలబడి ఉంది, జగన్మోహనరావు గారమ్మాయి, ఇక్కడే పుట్టింది. "అక్కా, వాట్ దే వాంట్? హి ఈజ్ డెడ్ లా," అంది.

హేమిష్ పడినచోటనుంచే ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు.

నేను తల ఊపలేదు. ఊపి ఉండొచ్చు.

లేచాడు. ప్యాంటు దులుపుకున్నాడు, ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడిది. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. మైకు దగ్గరకొచ్చి టోపీ తీశాడు. నవ్వు ఆగింది.

మొదటి మాట ఎత్తుకున్నాడు. ఆ గొంతు వినాలంటే మైకుండాలి. చాలా కిందనుంచి వస్తుంది, మధ్యలో తెగుతుంది, తెగినచోట గాలి వినపడుతుంది. ఒకసారి అడిగాడు. అదే మాట రెండోసారి అడిగాడు. వెనక వరసలో ఎవరో "ఆఁ" అన్నారు, పద్యానికి అన్నట్టే. మూడో మాటకు ఊపిరి తీసుకున్నాడు.

మైకు ఆగిపోయింది.

ఆయన ఆపలేదు. పెదాలు కదులుతున్నాయి. మగ్గాల మధ్య మాట్లాడే మనిషిలా ఉన్నాడు. ఒక్క అక్షరం నాకు చేరలేదు. తెర పడింది. తెర ముందు జగన్మోహనరావు వేరే మైకు పట్టుకుని చిన్న సాంకేతిక లోపమని చెప్పి, స్పాన్సరుగారిని వేదిక మీదికి పిలిచాడు.

తర్వాత మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"మైకు తీయించింది మీరేనా?"

"నేనే." అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. "హాలు అప్పగించే టైమైంది. ఆయన ప్రసంగం మిగిలింది. డబ్బిచ్చినాయన్ని కూర్చోబెట్టి, లిస్టులో లేని పాట నడిపించమంటావా?"

ఏమన్నానో అన్నీ రాయను. దొర అన్నాను. నా నాటకంలో చచ్చినవాడు వేషగాడు, అసలు దొరవి నువ్వు అన్నాను. నువ్వు అనే అన్నాను. సుచిత్ర వింటోంది.

ఆయన కోప్పడితే బావుండేది. ఉత్తరీయం సర్దుకుంటూ నిలబడ్డాడు.

"ఎక్కడి దొరకో తల్లిని వెతికి మరీ ఇచ్చావు కదమ్మా," అన్నాడు. "నాకు మాత్రం ఎవర్నీ ఇవ్వవు."

వెళ్ళిపోయాడు.


ఏప్రిల్ 11

ఆ మాట అన్యాయం.


ఏప్రిల్ 12

అన్యాయమే. కానీ.


ఏప్రిల్ 13. గురువారం

తంజోంగ్ పగార్‌లో హేమిష్‌ను కలిశాను. టిష్యూ ప్యాకెట్టు పెట్టి నా కోసం కూడా చోటు ఆపి ఉంచాడు. ఈసారి దాన్ని విసిరేయలేదు, కూర్చున్నాను.

ఇల్లు ఖాళీ చేశాడు. రెండు పెట్టెలు. సీరియలువాళ్ళు ఆయన పాత్రను పోయిన నెలే చంపేశారు, ఈసారి విమాన ప్రమాదంలో, తెర మీద చూపించకుండా. పర్మిటు అయిపోయింది. డండీలో చెల్లెలుంది, గది ఇస్తానంది. మిల్లులన్నీ మూతపడి ఇప్పుడు ఫ్లాట్లయ్యాయట. "అమ్మ మగ్గం ఉన్నచోట ఎవరిదో వంటిల్లు ఉంటుంది," అన్నాడు.

నేను క్షమాపణ అడగబోయాను. చెయ్యి అడ్డంపెట్టాడు.

"లేచి నిలబడ్డాను. అది చాలా పెద్ద సంగతి. నిద్రపట్టనిది దానికి కాదు." గిన్నెలో చెంచా తిప్పుతూ ఉన్నాడు. "రెండుసార్లు అడిగి వదిలేశాను పిల్లా. జవాబు చెప్పలేదు. ఈ పాటను అలా మధ్యలో వదిలెయ్యకూడదు. మా అమ్మకు చెవుడని జనానికి చెప్పి దిగిపోయినట్టుంది. ఆవిడ ఏమందో చెప్పకుండానే."

"ఆదివారం పాడతారా?"

"ఎక్కడ? గొంతు మైకు లేకుండా పది అడుగులు పోదు."

టీ ఆంటీ బల్ల తుడుస్తూ, "కల్నల్, ఎందుకు ఏడుపు మొహం, మళ్ళీ చంపేశారా," అంది.


ఏప్రిల్ 14

దొరికింది.

మా బ్లాకు కింద, లిఫ్టుల అవతల మూల. పైకప్పు తక్కువ, మూడు వైపులా గోడ. సాయంత్రం పిల్లాడొకడు అక్కడ బంతి ఆడుతూ తనలో తను గొణుక్కుంటుంటే ఇవతల నాకు మాట మాటా వినపడింది. నేను వెళ్ళి నిలబడి, గొంతు దించి, భీమిలి అన్నాను. తిరిగి నా చెవిలోకే వచ్చింది. మళ్ళీ అన్నాను. చాలాసార్లు అన్నాను. ఒక మలయ్ ఆంటీ కూరగాయల సంచితో ఆగి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

ఇల్లు గుర్తొచ్చింది. సరే, రాస్తున్నాను. గుర్తొచ్చింది.

బ్లాకు కింద పెళ్ళికైనా చావుకైనా అనుమతి తీసుకోవాలి. లత తన పుట్టినరోజని చెప్పి తీసుకుంది. తన పుట్టినరోజు సెప్టెంబరులో. "నీ విప్లవానికి నేను ముందే పుట్టాల్సొచ్చింది," అంది. తన కంపెనీ షేర్లు ఈ వారం నేలకు కొట్టుకున్నాయి, అయినా కేకు తనే కొంటానంది.

మారయ్యకు ఫోను చేశాను. "ఒచ్చీమా?" అన్నాడు. "అందరూ రావాలి," అన్నాను. "నాగా పెట్టీసయినా ఒచ్చీత్తాం," అన్నాడు.

టీ ఆంటీకి చెప్పాను. టీ ఎవరు కాస్తారని అడిగింది. అంటే తనే వస్తుంది.


ఏప్రిల్ 15. శనివారం

కాయితం పంచితే ఇక్కడ ఏం తంటానో తెలియదు. అందుకని అచ్చు వేయడం లేదు. అయినా పెదనాన్న నేర్పిన పద్ధతి పోదు, ముందు రాసుకోనిదే నోటికి రాదు. ఇది రాసుకుని, చూసి, ఒక్కొక్కరికీ ఫోనులో చదువుతాను. ఒక్క ముక్క మాత్రం ఫోనులో కాదు. అధ్యక్షుల వారింటికి వెళ్ళి తలుపు కొట్టి చదువుతాను. లత తోడొస్తానంది. వద్దన్నాను.

తెలుగువారికీ, తెలుగు రానివారికీ.

పోయిన ఆదివారం మీ ముందు ఒక మనిషి చనిపోయి, మీరు అడిగితే లేచాడు. ఒకే మాట రెండుసార్లు పాడాడు. మూడో మాట మీకు చేరలేదు. ఆయన పేరు హేమిష్. మగ్గం మీద పనిచేసిన తల్లి కొడుకు. ఎల్లుండి ఆయన సింగపూర్ విడిచి వెళ్ళిపోతున్నాడు. ఆ మూడో మాట మీకు చెప్పి వెళ్తాడు.

షిప్‌యార్డు నుంచి వచ్చే అన్నలూ, హెల్మెట్లతోనే రండి, ఫరవాలేదు. నా నాటకంలో కార్మికులైన ప్రోగ్రామర్లూ, ఈసారి మసి పూసుకోకుండా రండి. పిల్లల్ని తీసుకురండి. వాళ్ళకు ఇంగ్లీషు తెలుసు, మీకు అర్థం చెబుతారు. కేకుంది, టీ ఉంది. ప్రసంగాలు లేవు.

జగన్మోహనరావు గారూ, మీరు కూడా. మిమ్మల్ని అన్న మాట తప్పు. బస్సులో తెలుగు వినపడితే స్టాపు దాటిపోయిన మనిషికి నేను ముందు వరసలో కుర్చీ వేయాలి, వేస్తున్నాను. మీ అమ్మగారి పేరేమిటో నాకు తెలియదు. వచ్చినప్పుడు చెప్పండి.

బూన్ లే, మా బ్లాకు కింద, లిఫ్టుల అవతల మూల. రేపు, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలకు. అందరూ రండి.